వేడి కథ – 9: గాజు గోడల వెనక ఎండ

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. ఆ గుండ్రటి భవనం చుట్టూ అప్పటికి ఉన్నవి బండరాళ్లు, పొదలు, దుర్గం చెరువు, కొన్ని పల్లెలు. ఆ తర్వాత పాతికేళ్లలో మాదాపూర్ నుంచి గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడ దాకా ఏమేం లేచాయో అందరికీ తెలుసు. ఈ ప్రాంత చరిత్రని భూముల ధరలతో చెప్పినవాళ్లున్నారు, ఉద్యోగాలతో చెప్పినవాళ్లున్నారు, ఎన్నికలతో చెప్పినవాళ్లున్నారు. వేడితో చెప్పినవాళ్లు తక్కువ. దక్కన్ రాతి నేల మీద, ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే చోట, గాజుతో ఊరు కడితే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం మన ధారావాహికకి సూటిగా చెందినదే. పైగా దానికి జవాబు వెతికిన మంచి ప్రయోగాలు కొన్ని ఈ హైదరాబాద్‌లోనే జరిగాయి.

గత భాగంలో జేమ్స్ జౌల్ దగ్గర ఆగాం. కిందికి దిగే బరువుల సాయంతో నీళ్లలో తెడ్లు తిప్పి, ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచి, చేసిన పని వేడిగా మారుతుందని 1840లలో ఆయన రుజువు చేశాడు. వేడి అంటే వస్తువుల్లోకి పారే బరువులేని ద్రవం అన్న ‘కెలోరిక్’ సిద్ధాంతానికి అక్కడితో నూకలు చెల్లాయి. ద్రవం కాకపోతే మరి వేడి ఏమిటి? 1857లో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ క్లాసియస్ దీనికి సూటిగా జవాబు రాశాడు. గాలిలోని అణువులు ఒక్క క్షణం నిలవవు. అన్ని దిక్కులకీ దూసుకుపోతూ, ఒకదాన్నొకటి ఢీకొంటూ, గోడల్ని తాకి వెనక్కి మళ్లుతూ ఉంటాయి. ఆ కదలికలో ఉన్న శక్తి సగటునే మనం ఉష్ణోగ్రతగా కొలుస్తున్నాం. ఘనపదార్థాల్లో కణాలకి పరుగెత్తే వీలుండదు కాబట్టి ఉన్నచోటే కంపిస్తాయి. మూడేళ్ల తర్వాత, 1860లో, జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఇంకో అడుగు వేసి, ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న వాయువులో నెమ్మదిగా పోయే అణువులు ఎన్ని, మరీ వేగంగా పోయేవి ఎన్ని అన్న పంపకాన్ని లెక్కకట్టాడు.

ఆ లెక్కని సైబరాబాద్‌కి, అంటే ఈ గాజు భవనాల ప్రాంతానికి తెద్దాం. మే నెల మధ్యాహ్నం బయట 42 డిగ్రీలు, ఆఫీసు లోపల 24. బయటి గాలిలో నైట్రోజన్ అణువు సెకనుకు సుమారు 530 మీటర్ల వేగంతో పోతుంది. లోపలి గాలిలో సుమారు 514 మీటర్లు. తేడా మూడు శాతం. కణాల చలనం పూర్తిగా అడుగంటే స్థాయి మైనస్ 273 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడినుంచి లెక్కపెడితే 24 డిగ్రీలంటే 297, 42 డిగ్రీలంటే 315. అందుకే తేడా అంత చిన్నదిగా తేలుతుంది. వడదెబ్బకీ స్వెట్టర్‌కీ మధ్య ఉన్న దూరం అణువుల వేగంలో మూడు శాతం మాత్రమే. మన ఒళ్లు ఎంత ఇరుకైన హద్దుల్లో బతుకుతోందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఇక్కడే ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. దీపావళికి కాల్చే కాకరపువ్వొత్తి నిప్పురవ్వ చేతి మీద పడితే చురుక్కుమంటుంది, అంతే. మరుగుతున్న టీ గ్లాసు ఒలికితే మాత్రం బొబ్బలెక్కుతుంది. ఉష్ణోగ్రత చూస్తే రవ్వదే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ రవ్వలో కణాలు కొన్నే, టీలో కణాలు అపారం. ఒక్కో కణం సగటున ఎంత జోరుగా కదులుతోందన్నది ఉష్ణోగ్రత చెబుతుంది. ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకి మొత్తం ఎంత శక్తి చేరిందన్నది వేడి లెక్క. జోరుగా కదిలే కణాలు నెమ్మదిగా కదిలేవాటిని తాకుతూ తమ శక్తిని వాటికి పంచుతాయి. తనంత తానుగా వేడి వెళ్లేది ఎప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ ఉష్ణోగ్రతకే. ఎదురు తిప్పాలంటే పని చెయ్యాలి, అంటే కరెంటు బిల్లు కట్టాలి. ఈ సూత్రాన్ని కూడా 1850లో స్పష్టంగా నిలబెట్టింది క్లాసియసే.

కణం నుంచి కణానికి శక్తి చేతులు మారడం ఎంత నెమ్మదో తెలియాలంటే మేడ పైఅంతస్తులో అద్దెకున్నవాళ్లని అడగాలి. మధ్యాహ్నం కంటే రాత్రి ఎనిమిదింటికి గది ఎక్కువ ఉడుకుతుంది. దీని గణితాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జోసెఫ్ ఫూరియే 1822లో వెలువరించిన గ్రంథంలో పూర్తిచేశాడు. పైన పడ్డ వేడి ఒక అలలా లోపలికి దిగుతుంది. దిగే కొద్దీ బలహీనపడుతుంది, ఆలస్యమవుతుంది. మామూలు ఆరు అంగుళాల కాంక్రీటు స్లాబులో పగటి అల అడుగుకి చేరేసరికి నాలుగైదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి డాబా మీద పడ్డ ఎండ, పొద్దుగూకాక సీలింగ్ అడుగున బయటపడుతుంది. ఖాజాగూడ గుట్టల గ్రానైట్‌లోనూ ఇదే కథ. అక్కడ పగటి అల సుమారు 18 సెంటీమీటర్ల లోతుకి వెళ్లేసరికి మూడో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుంది. రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి ఆ రాళ్లు రోజూ పైపొరలో మాత్రమే వేడెక్కి చల్లారుతూ వచ్చాయి. రాతి పగుళ్లలో చల్లటి చోటు వెతుక్కునే బల్లులకి ఫూరియే గణితం అవసరం లేకపోయింది.

ఇక గాజు. గాజు భవనం వేడెక్కడంలో అసలు పాత్ర కణాల తాకిడిది కాదు, కాంతిది. సూర్యుడికీ మనకీ మధ్య ఉన్నది దాదాపు శూన్యం. అక్కడ ఒకదాన్నొకటి తాకడానికి కణాలు లేవు. శక్తి వెలుగుగా, పరారుణ కిరణాలుగా వస్తుంది. ఏదో ఒక వస్తువు దాన్ని పీల్చుకున్నప్పుడే అది మళ్లీ కణాల చలనంగా, అంటే వేడిగా మారుతుంది. నడినెత్తి ఎండలో చదరపు మీటరు నేల మీద పడే శక్తి దాదాపు వెయ్యి వాట్లు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో, మధ్యాహ్నం నిలువు స్తంభానికి నీడే పడదు.

జెనీవా నగరంలో 1767లో ఒరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ అనే పండితుడు ఒక గాజు మూతల పెట్టె చేసి ఎండలో పెట్టాడు. తర్వాత తర్వాత మెరుగుపరిచిన పెట్టెల్లో ఉష్ణోగ్రత నీళ్లు మరిగే స్థాయిని కూడా దాటింది. ఎండలో కనబడే వెలుగుని గాజు లోపలికి రానిస్తుంది. లోపలి వస్తువులు వేడెక్కి వెదజల్లే పరారుణ కిరణాల్ని మాత్రం బయటికి పోనివ్వదు. వేడెక్కిన గాలీ పెట్టెలోనే చిక్కుకుంటుంది. చలిదేశాల వాళ్లకి ఇది వరం. అందుకే వాళ్లు గాజు గదుల్లో మొక్కలు పెంచారు, తర్వాత గాజుతో ఆఫీసులు కట్టారు. మనం ఆ రూపాన్ని ఆధునికతకి గుర్తుగా తెచ్చుకున్నాం. సొస్యూర్ పెట్టెని పది అంతస్తుల ఎత్తుకి పెంచి, పడమటి ఎండకి ఎదురుగా నిలబెట్టి, లోపల వేలమందిని కూర్చోబెట్టి, ఆ వేడిని తోడెయ్యడానికి యంత్రాలు బిగించాం. ఇందులో తప్పు గాజుది కాదు. ఎటువైపు, ఎంత వెడల్పున, ఏ నీడ కింద పెట్టాలన్న ఆలోచన మనం మొదటి దశాబ్దంలో దాదాపు పక్కన పెట్టేశాం. అది మనకి మనం చేసుకున్న నష్టమని గట్టిగా నమ్ముతున్నాను.

అదే జెనీవాలో పియెర్ ప్రెవో 1791లో ఇంకో మాట చెప్పాడు. ప్రతి వస్తువూ, వేడిదైనా చల్లదైనా, ఎప్పుడూ కిరణాల్ని వెదజల్లుతూనే ఉంటుంది, చుట్టూ ఉన్నవాటి కిరణాల్ని అందుకుంటూనే ఉంటుంది. ఇచ్చింది ఎక్కువైతే చల్లబడుతుంది, పుచ్చుకున్నది ఎక్కువైతే వేడెక్కుతుంది. తర్వాత 1879లో జోసెఫ్ స్టెఫాన్ దీనికి లెక్క ఇచ్చాడు. ఆ లెక్కతో ఆఫీసుల్లో రోజూ నడిచే ఒక పంచాయితీ తీరుతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు వంద వాట్ల వేడి బయటికి పోతూ ఉండాలి. చర్మం ఉష్ణోగ్రత 34 డిగ్రీలు, ఎదురుగా గోడ 24 డిగ్రీలు అనుకుంటే చదరపు మీటరుకి అరవై వాట్ల దాకా కిరణాల రూపంలోనే పోతుంది. ఇంకో మనిషి పడమటి ఎండ తగిలి 38 డిగ్రీలకెక్కిన అద్దం పక్కన కూర్చుంటే లెక్క తిరగబడుతుంది. చదరపు మీటరుకి పాతిక వాట్ల పైచిలుకు ఆ అద్దమే ఒంటికి పోస్తుంది. గాలి మాత్రం ఇద్దరికీ ఒకటే, 24 డిగ్రీలు. కిటికీ పక్కనున్నాయన చెమటలు పడుతున్నాయని ఏసీ పెంచమంటాడు, మధ్యలో కూర్చున్నామె స్వెట్టర్ తీస్తుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. గోడకి తగిలించిన థర్మోస్టాట్ గాలిని మాత్రమే కొలుస్తుంది, చుట్టూ ఉన్న గోడలూ అద్దాలూ ఎంత వేడిగా ఉన్నాయో దానికి తెలియదు.

ఈ అజ్ఞానం నుంచి బయటపడే దారి చూపిన మొదటి కట్టడం హైటెక్ సిటీ పక్కనే ఉంది. కొత్తగూడ దగ్గరి సీఐఐ – సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ని 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్. హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపుని అమెరికా బయట పొందిన మొదటి భవనం ఇది. మధ్యలో మండువా లాంటి ఆరుబయలు, పైకప్పు మీద తోట, జాలీలు, గాలిని ముందే కాస్త చల్లబరిచి లోపలికి పంపే రెండు గాలి గోపురాలు. ఇందులో చాలావరకు మన పాత ఇళ్లకి తెలిసిన విద్యే. నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం కిటికీల రెండు అద్దాల మధ్య నింపిన ఆర్గాన్ వాయువు. క్లాసియస్, మాక్స్‌వెల్‌ల సిద్ధాంతం అక్కడ నేరుగా పనిచేస్తోంది. ఒకే ఉష్ణోగ్రత దగ్గర అన్ని వాయువుల కణాలకీ పరుగులోని సగటు శక్తి సమానం. ఆర్గాన్ పరమాణువు గాలిలోని అణువుల కంటే బరువైనది కాబట్టి అదే శక్తితో నెమ్మదిగా కదులుతుంది. సెకనుకు సుమారు 430 మీటర్లు. నెమ్మదిగా కదిలేది శక్తిని నెమ్మదిగానే చేరవేస్తుంది. గాలి నింపిన కిటికీతో పోలిస్తే, కణాల తాకిడితో బయటి అద్దం నుంచి లోపలి అద్దానికి చేరే వేడి దాదాపు మూడో వంతు తగ్గుతుంది. 1860ల నాటి కాగితం మీది లెక్క కొత్తగూడలో కిటికీగా నిలబడింది.

అసలైన ప్రయోగం మాత్రం నగరానికి తూర్పు చివరన జరిగింది. ఘట్‌కేసర్ దారిలోని పోచారం అప్పట్లో సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్ పరిధిలోనే ఉండేది. అక్కడి ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో 2011లో వాడుకలోకి వచ్చిన ఎస్‌డీబీ-1 భవనాన్ని సరిగ్గా రెండు సమాన భాగాలుగా కట్టారు. గోడలు, కిటికీలు, నీడలు, దీపాలు, కూర్చునే ఏర్పాట్లు అన్నీ రెండువైపులా ఒకేలా. చల్లబరిచే పద్ధతి ఒక్కటే వేరు. ఒక సగంలో బాగా మెరుగుపరిచిన మామూలు కేంద్రీకృత ఏసీ. అంటే చల్లటి గాలిని పెద్ద గొట్టాల్లో తోసి, అవసరం బట్టి దాని మోతాదు మార్చే వ్యవస్థ. రెండో సగంలో కాంక్రీటు స్లాబుల్లోనే సన్నటి పైపులు పరిచి వాటిలో చల్లటి నీళ్లు పారించారు. స్లాబు చల్లబడుతుంది. ప్రెవో చెప్పినట్టు మనుషులూ కంప్యూటర్లూ బల్లలూ తమ వేడిని కిరణాలుగా ఆ కప్పుకి ఇచ్చేస్తాయి. ఊపిరికి కావలసిన తాజా గాలిని మాత్రం విడిగా, తేమ తీసేసి, కొద్ది మోతాదులో పంపుతారు. 

వాస్తుశిల్పంలో ఇలాంటి నిజాయితీ అరుదు. సాధారణంగా ఒక భవనం పాతదానికంటే మెరుగ్గా ఉందని చెప్పేటప్పుడు ఊరు వేరు, ఎండ వేరు, జనం వేరు, పనివేళలు వేరు. ఇక్కడ అదే ఎండ, అదే రోజు, అదే పని. రెండేళ్ల పాటు మీటర్లు చదివారు. ఇంజనీర్లు గురుప్రకాశ్ శాస్త్రి, పీటర్ రమ్సీ 2014లో ఏసీ ఇంజనీర్ల సంఘం అష్రే జర్నల్‌లో ఫలితం ప్రచురించారు: స్లాబుల్లో నీళ్లు పారే సగం, చల్లబరచడానికి 34 శాతం తక్కువ విద్యుత్తు వాడింది. కట్టుబడి ఖర్చు రెండింటికీ దాదాపు సమానం. అక్కడ పనిచేసేవాళ్లని అడిగితే స్లాబు వైపు 63 శాతం మంది తృప్తిగా ఉన్నామన్నారు, గాలి వైపు 45 శాతం.

ఎందుకింత తేడా? మొదటి కారణం నీళ్లు. ఒక ఘనపు మీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి పట్టే శక్తి, అంతే గాలికి పట్టేదానికి మూడున్నర వేల రెట్లు. నీళ్లలో కణాలు దగ్గర దగ్గరగా కిక్కిరిసి ఉంటాయి, గాలిలో దూరదూరంగా ఉంటాయి. అదే వేడిని మోయడానికి గాలికి గదంత గొట్టాలూ పెద్ద ఫ్యాన్లూ కావాలి, నీటికి బొటనవేలంత పైపూ చిన్న పంపూ చాలు. రెండో కారణం ఉష్ణోగ్రత. గాలిని చల్లబరిచే మామూలు వ్యవస్థలు నీటిని 7 డిగ్రీల దాకా దించుతాయి. స్లాబు మొత్తం చల్లటి ఉపరితలమే కాబట్టి 14 డిగ్రీల చుట్టుపక్కల నీళ్లతో పని జరిగిపోతుంది. వేడిని ఎంత లోతు నుంచి ఎంత ఎత్తుకి ఎక్కించాలన్న దాన్ని బట్టి నీటిని చల్లబరిచే యంత్రానికి, అంటే చిల్లర్‌కి, కరెంటు ఖర్చవుతుంది. ఆ ఎత్తు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది. మూడోది, ఈ పద్ధతి నేరుగా మనిషి ఒంటి వేడిని లక్ష్యంగా పెట్టుకుంది, గదిలో గాలిని కాదు.

చిక్కు వానాకాలంలో ఉంది. స్లాబు మరీ చల్లబడితే గాలిలోని తేమ దాని మీద నీటి బొట్లుగా పడుతుంది. అందుకే తాజా గాలిని ముందుగా పొడిగా చెయ్యడం, తలుపులూ కిటికీలూ అదుపులో పెట్టడం తప్పనిసరి. ఇది సామాన్యమైన జాగ్రత్తే, అయినా దాన్ని సాకుగా చూపి ఈ పద్ధతిని పక్కన పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సొంత ఊళ్లో, సొంత ఎండలో, మీటర్లతో రుజువైన పద్ధతి మన కొత్త టవర్లలో మామూలు విషయం కాకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

పైకప్పుల కథ ఇంకొంచెం ఆశ ఇస్తుంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌కి చెందిన విశాల్ గర్గ్, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రవేత్తలతో కలిసి హైదరాబాద్ పరిసరాల్లో వాణిజ్య భవనాల పైకప్పుల మీద కొలతలు తీశారు. 2012లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం నల్లటి కప్పుకి తెల్లపూత వేస్తే చదరపు మీటరుకి ఏడాదికి 20 నుంచి 22 యూనిట్ల విద్యుత్తు మిగులుతుంది. మామూలు కాంక్రీటు కప్పుకైతే 13 నుంచి 14 యూనిట్లు. తెల్లపూత ఎండని కణాల చలనంగా మారకముందే వెలుగుగా వెనక్కి పంపేస్తుంది. స్లాబులోకి అల దిగాక దాన్ని ఏసీతో తోడడం కంటే అసలు దిగకుండా ఆపడం ఎంతో చవక.

ఏసీ లేని ఇళ్లలో ఇది ఇంకా ముఖ్యం. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల కప్పుల మీద చేసిన ప్రయోగంలో లోపలి గాలి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం చల్లటి పైకప్పుల విధానం ప్రకటించింది. అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్లు, అందులో 200 హైదరాబాద్‌లోనే అన్నది లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకీ, 600 చదరపు గజాలూ ఆపైన ఉన్న ఇళ్లకీ ఇది తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్లకి ఇష్టమైతేనే. ఇక్కడే నా అభ్యంతరం. టవర్లు కట్టే కూలీలు, వాటిని ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు ఎంతోమంది ఉండేది రేకుల కప్పుల కింద. రేకుకి కాంక్రీటులోని నాలుగు గంటల ఆలస్యం లేదు, పడ్డ ఎండ నిమిషాల్లో అడుగుకి దిగి నెత్తి మీద కిరణాలుగా కురుస్తుంది. పూత ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్లకి అది ఆ విధానంలో ఐచ్ఛికం, జేబుకి భారం. ప్రభుత్వ ఖర్చుతో మొదట వెయ్యాల్సిన పూత అక్కడే.

ఇంకో కారణం కూడా ఉంది. ఏసీ వేడిని మాయం చెయ్యదు. లోపల మూడు పాళ్లు లాగితే, తాను తిన్న కరెంటు ఒక పాలు కలిపి నాలుగు పాళ్లు బయటికి వదులుతుంది. కంప్యూటర్లదీ అదే సంగతి. జౌల్ తేల్చినట్టు వాటికి అందిన విద్యుత్తంతా చివరికి వేడే అవుతుంది. 2022 నవంబర్‌లో అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు హైదరాబాద్‌లో పని మొదలుపెట్టాయి, మరికొన్ని సంస్థలవి వరసలో ఉన్నాయి. వాటిలో తిరిగే ప్రతి లెక్కా, ప్రతి వీడియో ఎక్కడో ఒక చిప్‌లో పరమాణువుల్ని కాస్త జోరుగా కంపింపజేసి, అక్కడినుంచి లోహానికి, గాలికి లేదా నీటికి, చివరికి ఊరి మీది ఆకాశంలోకి చేరుతుంది. ఆ బయటి గాలి ఎవరి ఇంట్లోకి వెళ్తుందన్నది ఇంజనీరింగ్ ప్రశ్న మాత్రమే కాదు.

బయట పారేసే వేడిని ఇలాంటి చాలా డేటా సెంటర్లు నీటిని ఆవిరి చేసి వదిలించుకుంటాయి. ఆవిరయ్యేటప్పుడు నీరు ఎందుకు చల్లబడుతుందో కూడా క్లాసియస్ 1857 నాటి ఆ వ్యాసంలోనే వివరించాడు. వచ్చే భాగంలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ కనిపెట్టిన దాగిన వేడి గురించీ, దక్కన్ వేసవిలో వట్టివేళ్ల తడికలు పనిచేసే తీరు గురించీ, ఎండిపోతున్న చెరువుల నగరంలో ఆ నీళ్ల లెక్క గురించీ మాట్లాడుకుందాం.